వెనక సీటు బరువు

మా ఇంటి కారులో నా భార్యకు చోటు లేకుండా చేసినవాడు నా తమ్ముడు జయరామయ్య. ఆమె బరువు చాలదని చెప్పి చేశాడు. దీని మీద వాదన అక్కరలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కారు మా నాయన కొన్నది. 1949లో నెల్లూరు వకీలు ఒకాయన దగ్గర తీసుకున్నాడు. ఇంగ్లండులో చేసిన చిన్న కారు. నల్లది. నాలుగు తలుపులు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ ఎక్కేవాళ్ళం. బుచ్చిరెడ్డిపాలెం పక్కన మా ఊరు. అక్కడి నుంచి నెల్లూరుకు ముప్పావు గంట పట్టేది. ఎత్తు వచ్చినచోట ఇద్దరు దిగి నడిచేవాళ్ళు. దానికి ఎవరూ బాధపడలేదు.

కారు వచ్చిన ఏడాదే నాయన గూడుబండి అమ్మేశాడు. కారున్న ఇంటి ఆడవాళ్ళు బండి ఎక్కితే ఊరు నవ్వుతుందన్నాడు. బస్సు సంగతి చెప్పనే అక్కరలేదు. అప్పటినుంచి మా ఇంటి ఆడవాళ్ళు ఎక్కడికి పోయినా కారులోనే పోయారు. కారు పోనిచోటికి పోలేదు.

నాయన 1957లో కాలం చేశాడు. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. కాబట్టి వడ్ల మిల్లు నా చేతికి వచ్చింది. జయరామయ్య నెల్లూరులో ఎస్సెల్సీ చదివాడు. కాబట్టి కారు అతని చేతికి పోయింది. ఆస్తి పంచుకోలేదు. అంతా ఉమ్మడే. మేమిద్దరం, నా భార్య ప్రమీలమ్మ, మా చిన్నాయన పద్మనాభయ్య, మా మేనత్త వెంకటశేషమ్మ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. చిన్నాయనకు భార్య లేదు, మేనత్తకు భర్త లేడు. జయరామయ్యకు అప్పటికి పెళ్ళి కాలేదు. మాకు పిల్లలు లేరు.

కోట అనే ఊరికి అవతల, సముద్రం దగ్గర, మాకు సరుగుడు తోట ఉండేది. చిన్నాయన పేరు మీద ఉండేది. ఏడాదికి రెండుసార్లయినా వెళ్ళి చూసి రావాలి. దారిలో స్వర్ణముఖి ఏటి ఇసుక దాటాలి. 1961 ఎండాకాలంలో ఆ ఇసుకలో కారు ఇరుసు దాకా దిగబడింది. తాటాకులు పరిచి పదిమంది తోస్తుంటే పక్కనుంచి ఒక లారీ పోయింది. లారీ మీద కూర్చున్న కూలీలు చేతులూపారు. అంతకుమించి ఏమీ జరగలేదు. జయరామయ్య ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మద్రాసు పోయాడు.

వారం తరువాత ఒక ఇంజను తెచ్చాడు. పెద్ద అమెరికా కారుది. ఆరు సిలిండర్లు. ఆ కారు గోడకు గుద్దుకుని నుజ్జయిందట, ఇంజనుకు మాత్రం గీత కూడా పడలేదట. దాన్ని గూడూరులో ఖాదర్ బాషా షెడ్డులో దింపించాడు. ఖాదర్ బాషా లారీల మేస్త్రీ. మాట తక్కువ, పని ఎక్కువ. అతను ఇంజను చుట్టూ ఒకసారి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజనును ఉంచి కారునే ఎత్తి దాని మీద పెడితే సుళువుగా ఉంటుందన్నాడు. జయరామయ్య నవ్వలేదు. పని మొదలుపెట్టమన్నాడు.

నలభై రోజులు పట్టింది. పాత ఇంజను ఊడదీసి మా మిల్లు వసారాలో పడేశారు. కొత్తది పొడవెక్కువ. ఇంజనుకూ ముందు సీటుకూ మధ్య ఉన్న రేకు కోసి ఒక జానెడు లోపలికి జరిపారు. రేకు జరిగింది కాబట్టి ముందు సీటు జరిగింది. ముందు సీటు జరిగింది కాబట్టి వెనక కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు సీటుకు ఆనుకున్నాయి. కాళ్ళ దగ్గర చెంబు పెట్టుకునే సందు కూడా మిగల్లేదు. బానెట్టు మూతపడకపోతే దాన్ని కోసి పైన రేకుతో మూపురం కట్టారు. బాటరీ డిక్కీలోకి పోయింది. స్టెప్నీ, నూనె డబ్బా, బాటరీ కలిసి డిక్కీ నిండిపోయింది.

కారు తేవడానికి నేనూ గూడూరు వెళ్ళాను. అప్పుడు ఖాదర్ బాషా చెప్పిన మాట నా చెవులతో విన్నాను.

"ముందర స్ప్రింగులు ఈ బరువు మొయ్యవన్నా. రెండేసి పట్టీలు ఎక్కించాల. ఒక పూట పని. ఈ రాత్రికి ఉండండి, రేపు పొద్దున పొయ్యేదానికి చేసిస్తా."

ఉండడానికి జయరామయ్యకు ఓపిక లేదు. తరువాత చూద్దాం లెమ్మన్నాడు.

"అయితే అందాకా ముందర నువ్వు తప్ప ఎవురూ కూర్చోగూడదు. ఎనకమాల రెండున్నర బస్తాల బరువుండాల. లేకుంటే ఎనక చక్రాలు నేలను పట్టవు."

అందాకా అని అతను స్పష్టంగా అన్నాడు. జయరామయ్య మిగిలినదంతా గుర్తుపెట్టుకున్నాడు.

నెల్లూరు ఇప్పుడు పదిహేడు నిమిషాలు. కారు ఊళ్ళోకి వస్తుంటే మిల్లులో కూలీలు బెల్టు తెగిందేమోనని పరుగెత్తి వచ్చేవాళ్ళు. మొదటి వారంలోనే జయరామయ్య ఒక్కడే పోతుంటే కోవూరు మలుపులో వెనక చక్రాలు జారి, కారు బొంగరంలా తిరిగి, వచ్చిన వైపే చూస్తూ నిలబడింది. దెబ్బలేమీ తగల్లేదు. ఆ తరువాత అతను వెనక బరువు లేకుండా కారు కదిలించలేదు. స్ప్రింగులు వేయించడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు. కారు షెడ్డులో ఒక రోజు నిలబడటం అతనికి ఇష్టం ఉండేది కాదు.

1962లో మిల్లుకు కొత్త కిలో రాళ్ళు వచ్చాయి. జయరామయ్యకు కిలోలు నచ్చాయి. రెండున్నర బస్తాలంటే నూట తొంభై కిలోలని లెక్కకట్టాడు. ప్రయాణానికి ముందు వెనక కూర్చునేవాళ్ళంతా మిల్లుకు వచ్చి వడ్ల బస్తాలు తూచే కాటా మీద నిలబడాలి. రాళ్ళు వేసి తూచేవాణ్ణి నేను. మేనత్త డెబ్భై ఎనిమిది. చిన్నాయన అరవై ఆరు. మూడో మనిషి నలభై ఆరు ఉండాలి.

తోట చిన్నాయనది కాబట్టి ఆయన పోక తప్పదు. మేనత్త సముద్రస్నానం మానదు. ఇక మూడో చోటు ఒక్కటి.

ప్రమీలమ్మ పుట్టిల్లు దుగరాజపట్నం. మా తోటకు రెండు మైళ్ళు. అక్కడ వాళ్ళమ్మ మాలకొండమ్మ ఒక్కతే ఉండేది. ప్రమీలమ్మ అక్కడికి వెళ్ళి రెండేళ్ళయింది. ఆమె నన్ను నగలు అడగలేదు, చీరలు అడగలేదు. పుట్టింట్లో నాలుగు రోజులు ఉండి వస్తానని అడిగింది. ఆమె అడిగింది అదొక్కటే. నేను సరేనన్నాను. తూకానికి రమ్మన్నాను.

నలభై నాలుగు వచ్చింది.

"రెండు కిలోలు తక్కువొదినా," అన్నాడు జయరామయ్య.

"రెండు కిలోలకేంది? రోటి పొత్రం ఒళ్ళో పెట్టుకుంటా."

"సీటు గీరుకుంటాది."

"అట్టయితే ముందు సీట్లో కూర్చుంటా. అది ఖాళీగానే ఉండాది గదా."

"ముందర ఒక చీపురు పుల్ల గూడా ఎక్కువ పెట్టగూడదన్నాడు బాషా."

ప్రమీలమ్మ కాటా దిగింది. ఆమె చోటులో ఒక వడ్ల బస్తా ఎక్కించారు. ముందు సీటులో జయరామయ్య పక్కన అతని తువ్వాలు కూర్చుంది. కారు కదిలేముందు ఆమె కిటికీ దగ్గరకు పోయి, ఆ బస్తానైనా మా అమ్మ ఇంట్లో దించి రండి అంది. జయరామయ్య దించలేదు. దించితే తిరిగి వచ్చేటప్పుడు బరువు ఉండదు. బస్తా దుగరాజపట్నం పోయి, వాళ్ళు మజ్జిగ తాగినంతసేపు మా అత్తగారి వాకిట్లో ఉండి, తిరిగి వచ్చింది.

ఆ ఏడాది చివర మళ్ళీ ప్రయాణం పెట్టుకున్నారు. ప్రమీలమ్మ నలభై ఒకటి. బస్తా వెళ్ళింది.

బస్సులో పంపి ఉండవచ్చు కదా అని తరువాత కొందరు అడిగారు. అడగడం సులభం. కారు లేనివాళ్ళే అడిగారు. ఇంటి ముందు ఆరు సిలిండర్ల కారు పెట్టుకుని పెద్ద కోడలిని బస్సు ఎక్కిస్తే ఏమనేవాళ్ళో కూడా వాళ్ళే చెప్పాలి. నేను ఆమెతో అన్న మాట ఇది: కొంచెం ఒళ్ళు చేసుకో, వచ్చేసారి పోదువుగాని.

ఆమె నా మాట విన్నది. 1963 ఎండాకాలం రాకముందు రెండు నెలలు పూటకు రెండుసార్లు తిన్నది. పెరుగన్నం, నువ్వుల ఉండలు, గేదె పాల మీగడ. తిన్న తరువాత దొడ్లోకి పోయి కక్కుకునేది. మేనత్త చూసి, ఆశకొద్దీ అరగనంత తింటోందని అంది. నేనూ అదే అనుకున్నాను. కాటా మీద ముప్పై తొమ్మిది వచ్చింది. ఇంత తిన్నా ఇట్లా ఉన్నావేమని జయరామయ్య విసుక్కున్నాడు. ఆమె నవ్వి, నీ బస్తాకు ఈసారి నా చీర కట్టి పంపు, మా అమ్మకు కళ్ళు సరిగా కనపడవు అంది. కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగోసారి 1964 మాఘంలో. ఆ రోజు ఆమె తనంతట తానే అందరికంటే ముందు మిల్లుకు వచ్చింది. నేను బయట కూలీలతో మాట్లాడి లోపలికి వచ్చేసరికి కాటా మీద నిలబడి ఉంది. రాళ్ళు వేశాను. నలభై ఆరు.

జయరామయ్య చాలా సంతోషించాడు. అది నేను దాచను. "మా వదిన తూగింది," అని పెద్దగా అన్నాడు. పోయి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. మేనత్త జరిగి చోటిచ్చింది. ప్రమీలమ్మ మెల్లగా నడిచింది. ఒక చేత్తో నడుము పట్టుకుని నడిచింది.

నేను రాళ్ళు తిరిగి పలక మీద సర్దుతున్నాను. అయిదు కిలోల రాళ్ళు రెండు తక్కువ వచ్చాయి.

పిలిచాను. ఆమె ఆగింది. నడుము దగ్గర ఏముందని అడిగాను. చెప్పలేదు. తియ్యమన్నాను. అందరూ చూస్తున్నారు. ఆమె గోడవైపు తిరిగి, చీర లోపల గుడ్డలో మూటకట్టుకున్న రెండు రాళ్ళు తీసి నా చేతికి ఇచ్చింది. రాళ్ళు వెచ్చగా ఉన్నాయి. మళ్ళీ కాటా ఎక్కమన్నాను. ఎక్కింది. ముప్పై ఆరు.

నా మిల్లులో తూకంలో మోసం ఎన్నడూ జరగలేదు. ఆ రోజు కూడా జరగలేదు.

జయరామయ్య ఒకసారి కారు వైపు, ఒకసారి నా వైపు చూశాడు. పోనీలే అన్నా, మెల్లగా నడుపుతా అని గొణిగాడు. నూట తొంభై అన్నది నువ్వేగా అన్నాను. బస్తా ఎక్కించారు.

దుగరాజపట్నంలో జరిగింది చిన్నాయన చెప్పగా విన్నాను. అంతకుముందు మూడుసార్లు మా అత్తగారు కూతురు రాలేదేమని అడిగితే ఇంట్లో పని అని చెప్పారట. ఈసారి మేనత్త నోరు ఊరుకోక, రాళ్ళు కట్టుకుని దొరికిపోయిన సంగతి మొత్తం చెప్పి, ముప్పై ఆరు కిలోల మనిషిని ఎట్టా తెచ్చేదమ్మా అంది. మాలకొండమ్మకు కిలోలు తెలియవు. అదెంత అని అడిగింది. లెక్కలు చెప్పడం జయరామయ్యకు ఇష్టం. ఆమెను కారు దగ్గరకు తీసుకుపోయి, తలుపు తీసి, బస్తా మీద సగానికి కొంచెం కింద చేత్తో గీత గీశాడు.

"ఇంత, అత్తా."

ఆమె ఆ గీత మీద చెయ్యి పెట్టిందట. పెట్టి, చాలాసేపు తియ్యలేదట. తరువాత లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట మజ్జిగ కూడా ఇవ్వలేదని మేనత్త ఇంటికి వచ్చి చెప్పింది.

మూడో రోజు మాలకొండమ్మ మిల్లు ముందు నిలబడి ఉంది. రెండు బస్సులు మారి, బుచ్చిరెడ్డిపాలెంలో దిగి, ఎండలో నడిచి వచ్చింది. ముందు ఇంటికి పోయి కూతుర్ని చూసి, తరువాత నా దగ్గరకు వచ్చింది.

"అబ్బయ్యా, పిల్లను తీసుకుపోతుండా. నెల్లూరులో డాక్టరుకు చూపించి మా ఊరికి తీసుకుపోతా."

రేపు కారు పెడతాం, అటొక బస్తా ఇటొక బస్తా వేసి మధ్యలో కూర్చోబెడతాం అన్నాను.

"మీ కారొద్దు. బస్సులో తూకం వెయ్యకుండా ఎక్కించుకుంటారు."

తల్లీ కూతురూ వీధి వెంట నడిచి పోయారు. అరుగుల మీద ఉన్నవాళ్ళంతా చూశారు. ఎవరూ నవ్వలేదు. జయరామయ్య ఇంటి ముందు ఇంజను ఆన్ చేసి, రెండు బస్తాలు ఎక్కించి, తలుపు తీసుకుని నిలబడ్డాడు. వాళ్ళు ఆగలేదు. నేను సంచి పట్టుకుని వెనక నడిచాను.

బస్సులో ప్రమీలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కోవూరు దాటాక నాతో అంది.

"ఆ రెండు రాళ్ళు చూడనట్టు ఊరుకోని ఉండొచ్చు గదా."

"తూకం తూకమే," అన్నాను. నాకు తోచిన మాట అదే.

ఆమె బయటికి చూస్తూ కూర్చుంది.

డాక్టరు కడుపు నొక్కి చూశాడు. ఎక్స్‌రే ఫోటో తీయించాడు. ఎప్పటినుంచి చిక్కిపోతోందని నన్ను అడిగాడు. చెప్పాను. రెండేళ్ళ కిందట నలభై నాలుగు, ఆ ఏడాది చివర నలభై ఒకటి, పోయిన ఎండాకాలం ముప్పై తొమ్మిది, ఇప్పుడు ముప్పై ఆరు. డాక్టరు కలం ఆపి నా వైపు చూశాడు. భార్య బరువు ఇంత జాగ్రత్తగా చెప్పిన మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. నలభై ఒకటి ఉన్నప్పుడు తెచ్చి ఉంటే కడుపులో ఉన్న గడ్డ కోసి తీసేవాళ్ళమన్నాడు. ఇప్పుడు లాభం లేదన్నాడు.

వాళ్ళు దుగరాజపట్నం పోయారు. కోట దాకా బస్సు, అక్కడినుంచి బండి. నేను రెండు రోజులు ఉండి వచ్చాను. వడ్లు వచ్చే కాలం, మిల్లు వదలడానికి లేదు. ఆమె పుట్టింట్లో నాలుగు రోజులు అడిగింది. నలభై ఒక్క రోజు ఉంది.

తంతి వచ్చిన రోజు కారులోనే పోయాం. జయరామయ్య ముందు. వెనక మేనత్త, చిన్నాయన, నేను. నా బరువు డెబ్భై ఒకటి. మొత్తం రెండు వందల పదిహేను. కారు ఎక్కడా జారలేదు. స్వర్ణముఖి ఇసుకను తాటాకు అక్కరలేకుండా ఒక్క ఊపులో దాటింది. అవతలి గట్టు ఎక్కాక మేనత్త, ఈ పొద్దు బాగా నడిచింది అంది.

మాలకొండమ్మ నన్ను లోపలికి రానిచ్చింది. ముఖం చూడనిచ్చింది. నాతో మాట్లాడలేదు. కట్టెలు మా తోటవి వద్దని మాత్రం చిన్నాయనతో చెప్పించింది.

పెద్దకర్మ అయిన మరుసటి వారం జయరామయ్య కారును గూడూరు తీసుకుపోయి ముందు స్ప్రింగులకు పట్టీలు వేయించాడు. పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాడు. ఆ తరువాత ముందు సీటులో ఎవరు కూర్చున్నా కారుకు ఇబ్బంది లేదు. మరుసటి ఏడాది అతని పెళ్ళయింది. కొత్త కోడలు ముందు సీటులోనే కూర్చుని వచ్చింది. నేను ఆ సాయంత్రమే మిల్లు గదిలోకి మకాం మార్చాను. ఆస్తి పంచమన్నాను. మిల్లు నాకు, కారు అతనికి. అప్పటినుంచి అతనితో నాకు మాటలు లేవు. రెండుసార్లు మనుషులను పంపాడు. ఒకసారి తానే వచ్చి గడప బయట చాలాసేపు నిలబడ్డాడు. నేను బస్తాలు తూస్తున్నాను. తూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, పోయిన నెల ఖాదర్ బాషా వచ్చాడు. గూడూరు నుంచి పనిగట్టుకుని వచ్చాడు. మనిషి నెరిసిపోయాడు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"బజారులో ఒక మాట అనుకుంటుండారన్నా. నేను ఇంజను తప్పుగా బిగించినానంట, దాని వల్ల అమ్మ పోయిందంట. మూడేండ్లుగా ఇంటి కారు ఒక్కటి గూడా నా షెడ్డుకు రాలేదు. లారీలే వస్తుండాయి. లారీవోళ్ళకు మాటలు పట్టవు గాబట్టి వస్తుండాయి."

నీ పనిలో తప్పు లేదని చెప్పాను. స్ప్రింగులు వేస్తానన్నావు, మేము ఉండలేదు. అందాకా అన్నావు, మేము వినలేదు. ఇంజను ఈ రోజుకూ బాగా నడుస్తోంది.

"ఈ మాట నలుగురిలో చెప్పన్నా. నీ నోటితో చెప్పు."

నోటితో చెప్పనన్నాను. ఒకసారి రాస్తాను, చదివేవాళ్ళు చదువుకుంటారు అన్నాను.

"తూకం వేసింది నువ్వే గదన్నా. అది గూడా రాస్తావా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. అది గూడా రాస్తానన్నాను. నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

రాశాను. ఖాదర్ బాషా తప్పు లేదు. జయరామయ్య తప్పు ఉంది. అది నేను చచ్చేదాకా ఉంటుంది. మిగిలిన తప్పు ఎవరిదో చదివినవాళ్ళకు తెలుస్తుంది, నేను వేరే చెప్పను. నా దగ్గరకు వచ్చి ఓదార్చేవాళ్ళు రానక్కరలేదు. తిట్టేవాళ్ళూ రానక్కరలేదు. ప్రమీలమ్మ గురించి గాని, ఆ కారు గురించి గాని ఎవరు అడిగినా, దేవుడు అడిగినా, ఇక నేను మాట్లాడను.